కాలువ పనిలో కాపరి

ధ్యాన భాగము: నెహెమ్యా 5:14–19



దసరా దాటిన పిమ్మట మన మక్తల్ చుట్టుపట్ల పల్లెలలో ఏమి జరుగునో నేను చెప్పనక్కరలేదు. వానలు తప్పి జొన్నచేను ఎండిన యేట మేస్త్రీ వచ్చి అరుగు మీద కూర్చుండును, అడ్వాన్సు లెక్కపెట్టును, పది యిండ్లవారు మూట గట్టుకొని అతని వెంట బొంబాయికో పూనాకో మట్టిపనికి పోవుదురు. పిల్లలు అవ్వ తాతల దగ్గర మిగులుదురు. కాలువలకును ఆనకట్టలకును పాలమూరు కూలీలు దూరదేశములకు సైతము పోయి మట్టి మోసినవారే. మన సంఘములలో కూలికి పోవువారున్నారు, వారిని తీసికొని పోవు మేస్త్రీలును ఉన్నారు. ఆదివారమున ఇద్దరును ఒకే చాప మీద మోకరింతురు. సోమవారమున ఒకని చేతిలో చిట్టా, ఒకని నెత్తిన తట్ట.

పదిమందిచేత పని చేయించువాడు ఎట్టివాడై యుండవలెనను ప్రశ్న బజారునకు చెందినదే గాని గుడికి చెందినది కాదని కొందరందురు. నెహెమ్యా గ్రంథము చదివినవారు అట్లు అనజాలరు. ఆ గ్రంథములో ప్రార్థన యెంత కలదో పని లెక్కయు అంత కలదు. ఎవరు గోడలో ఏ భాగము కట్టిరో మూడవ అధ్యాయమంతయు పేరు పేరున వ్రాయబడియున్నది. అయిదవ అధ్యాయములో, అధిపతికి రావలసిన భత్యమును అతడు పుచ్చుకొనలేదనియు, అతనికి ముందున్న అధిపతుల పనివారు సైతము జనుల మీద పెత్తనము చేసిరనియు చూచుచున్నాము. పెత్తనము పైనున్నవానితో నిలువదు, వాని నౌకరు వరకును దిగివచ్చును. ఈ సంగతి మన కూలీలకు బాగుగా తెలియును.

ఈ మాసము అట్టి పనిని మన తెలుగు నేల మీదనే చేసిన ఒకరి జీవితమును మీకు చెప్పవలెనని తలంచితిని. ఆయన డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ గారు. ఒంగోలు క్లౌ దొర అనిన చాలమందికి తెలియును. ఆయన మన జిల్లాలో మిషను పెట్టినవాడు కాడు. పాలమూరులో అమెరికను బాప్టిస్టు మిషను 1885లో చూట్ దొరగారి కాలమున ఆరంభమాయెను. అయినను ఒంగోలులో రగిలిన నిప్పు నుండియే ఈ మెట్టప్రాంతపు దీపములు అనేకము వెలిగినవని మన పెద్దలు ఎరుగుదురు.

క్లౌ గారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఒక పల్లెలో జన్మించిరి. కుటుంబము పడమటి దేశమునకు తరలిపోగా అచ్చట సేద్యపు పనుల నడుమ పెరిగిరి. యౌవనములో భూమిని కొలుచు సర్వే గుంపులో చేరి, గొలుసు మోయు పనితో మొదలుపెట్టి, మిన్నెసోటా ప్రాంతపు అడవులలోను బీళ్ళలోను తిరిగి ఆ విద్యను బాగుగా నేర్చుకొనిరి. మనుష్యులు లేని నేలలో గుంపును నడిపించుట, తిండి సరకులు లెక్క చూచుకొనుట, కొలత తప్పకుండుట ఆయనకు అప్పుడే అలవాటాయెను. ఆ గొలుసు కొలత ఇరువది యేండ్ల తరువాత ఒంగోలు సముద్రతీరమున అక్కరకు వచ్చునని ఆ పడుచువానికి ఏమి తెలియును? తరువాత చదువుకొని, మారుమనస్సు పొంది, సువార్త పనికి పిలువబడి 1865లో మన దేశమునకు వచ్చిరి.

ఆ కాలమున తెలుగు మిషనుకు నెల్లూరు తప్ప వేరు స్థానము లేదు. ఫలము తక్కువగా ఉండుటచేత దానిని మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు పలుమారు ఆలోచించిరి. క్లౌ గారు 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనమండుగురు.

ఒంగోలులో కాలు పెట్టిన కొలది దినములకే ఆయనకు ఒక చిక్కు వచ్చెను. పై కులములవారు కొందరు ఆయన బోధను ఆదరించి, పిల్లలకు బడి పెట్టుమని కోరిరి. అదే సమయమున మాదిగ సహోదరులు, యెర్రగుంట్ల పేరయ్య గారు మొదలగువారి సాక్ష్యము విని, బాప్తిస్మము కొరకు వచ్చిరి. వీరిని చేర్చుకొంటివా మేము రామని పై కులములవారు స్పష్టముగా చెప్పిరి. ఒకవైపు పలుకుబడి, చదువు, ధనము. మరియొకవైపు తోళ్ళ పని చేసి కడుపు నింపుకొనువారు. ఏ వ్యాపారిని అడిగినను మొదటివారినే పట్టుకొమ్మని చెప్పును. క్లౌ గారును ఆయన భార్యయు వేరు వేరు గదులలో ప్రార్థించి, ఒకరికొకరు తెలియకుండ బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే, దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొనెనను భాగమే వచ్చినదని వారు చెప్పుకొనిరి. పేదలను చేర్చుకొనిరి. పై కులములవారు వెళ్ళిపోయిరి.

చేర్చుకొన్న తరువాత వారిని నడిపించుట యెట్లు? ఇక్కడ క్లౌ గారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. అమెరికా సంఘపు ఏర్పాటులను తెచ్చి మాదిగవాడల మీద రుద్దలేదు. అయిదుగురు పెద్దలు కూర్చుండి తగవు తీర్చు అలవాటు వాడలో ముందే కలదు. దానినే సంఘములోనికి తీసికొనిరి. గురువునకు పంట కాలమున వాడవారు ధాన్యమిచ్చు పాత వాడుకను బోధకుని పోషణకు వినియోగింపజూచిరి. జనులు ఎరిగిన పెద్దరికము చేతనే జనులను నడుపవలెనని ఆయన తెలిసికొనిరి. మన కాలములో ఏదైన సంఘమో సొసైటీయో పెట్టుచు, పట్టణము నుండి అచ్చు నిబంధనలు తెచ్చి సంతకములు పెట్టించుకొనువారు దీనిని కొంచెము ఆలోచింపవలెను.

ఇక కరవు సంగతి. 1876లో వానలు తప్పినవి. 1877 భయంకరమైన యేడు. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్షిణ భాగములు, నైజాము రాజ్యములోని మన వైపు జిల్లాలు కూడ ఆ కరవులో చిక్కుకొన్నవి. 1878 వరకు యాబది లక్షలకు మించి జనులు మరణించిరని అంచనా. ప్రభుత్వము సహాయపు పనులు తెరచినది గాని కూలి చాలదు. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ గారు నిర్ణయించిన ప్రకారము మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకు కొంచెము తక్కువ, దానిపైన కొంచెము డబ్బు. ఆ తిండితో మట్టి తవ్వువాడు బ్రదుకలేడని మద్రాసులోని ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గారు గట్టిగా వాదించిన తరువాత కొన్ని నెలలకు దానిని పెంచిరి. ఖర్చు తగ్గించుటయే గొప్ప పాలనయని యెంచిన తెలివిగలవారు ఎన్ని ప్రాణములు తీయుదురో చూడుడి.

ఆ సహాయపు పనులలో ఒకటి సముద్రపు ఒడ్డు వెంబడి మద్రాసు నుండి ఉత్తరమునకు పెదగంజాము వరకు పడవల కాలువ తవ్వుట. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టబడినది. ఒంగోలు ప్రాంతపు పేదలు ఆ పనికి పోవుటకు జంకిరి. కింది ఉద్యోగులు తమను తిట్టుదురనియు, కూలిలో కోత పెట్టుదురనియు, తమ కులము చూచి దూరము నెట్టుదురనియు బోధకులతో మొరపెట్టుకొనిరి. క్లౌ గారు చందాలు పోగుచేసి గంజి పోయుటతో ఊరకుండలేదు. ఇంజినీర్ల యొద్దకు పోయి కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగమును కంట్రాక్టుగా తానే తీసికొనిరి. పాదిరి కంట్రాక్టరు అగుట తగునా అని ఎవరైన అడిగియుండవచ్చును. ఆకలిగొన్నవానికి ఆ ప్రశ్నతో పని లేదు.

రాజుపాలెము అను చోట దండు వేసిరి. తాటాకు గుడిసెలు వేయించిరి, త్రాగునీటికి బావులు తవ్వించిరి. వేలకొలది జనులు వచ్చిరి. ఎవరిని మేస్త్రీలుగా పెట్టవలెను? తన క్రింది తెలుగు బోధకులనే పెట్టిరి. ఒక్కొక్క బోధకుని క్రింద ఒక గుంపు. ఆ బోధకునికి తన గుంపువారి పేరు తెలియును, ఊరు తెలియును, ఎవని పిల్లవాడు మొన్న చనిపోయెనో తెలియును. కూలీయు మేస్త్రీయు ఒక వాడవారే. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే మామ చెప్పిన ఏర్పాటు ఇదియే గదా! వేయిమందికి, నూరుమందికి, పదిమందికి ఒక్కొక్కని నియమింపుమనియు, వారు లంచగొండులు కాకుండవలెననియు యిత్రో చెప్పెను. ఒంగోలులో అది మట్టి గట్టు మీద జరిగినది.

మట్టిపని ఎరుగని చదువరుల కొరకు ఒక మాట. ఇట్టి కంట్రాక్టులో దినకూలి ఉండదు. తవ్విన గుంటను కొలిచి, పొడవు వెడల్పు లోతు గుణించి, ఇన్ని గజములకు ఇంత అని డబ్బు వచ్చును. నేడు ఉపాధి హామీ పనిలో మేటు టేపు పట్టుకొని కొలుచుట మీరు చూచుచున్నారు. బలముగలవానికి కొలత కూలి మంచిదే. పది దినములు పస్తున్నవానికి అది ఉరి. వాడు తవ్వలేడు, తవ్వలేదు గనుక కూలి లేదు, కూలి లేదు గనుక మరునాడు ఇంకను తక్కువ తవ్వును. గుంపును ఎట్లు కూర్చవలెను, బక్కవానికి పార ఇయ్యవలెనా తట్ట ఇయ్యవలెనా, ముసలమ్మచేత నీళ్ళు మోయింపవచ్చునా, ఇవన్నియు చిన్న సంగతులుగా కనబడును గాని వీటి మీదనే ప్రాణము నిలిచియున్నది. కొలత తెలిసిన యజమాని పైన ఉండుట, జనులను ఎరిగిన మేస్త్రీ దగ్గర ఉండుట, ఈ రెండును అక్కడ కలిసినవి. కొలత తెలియని దయగలవాడు కింది గుమాస్తాలచేత మోసపోవును. దయ లేని కొలతగాని సంగతి చెప్పనే అక్కరలేదు.

నా సంగతి ఒకటి ఒప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట మా గుడి ప్రహరీ గోడ కట్టించు పని నా మీద పెట్టిరి. మస్టరు నేను సరిగా వ్రాయలేదు. ఎవరు ఎన్ని దినములు వచ్చిరో జ్ఞాపకము మీద చెప్పవచ్చునని అనుకొంటిని. చివరకు ఒక విధవరాలికి మూడు దినముల కూలి తక్కువ ముట్టినది. ఆమె అడుగలేదు. అయ్యగారిని అడుగుట ఎట్లని ఊరకుండెను. ఆ సంగతి నెల దినముల తరువాత ఇంకొకరి నోట విని, డబ్బు తీసికొని ఆమె గుడిసెకు పోయితిని గాని ఆమె ముఖము చూచుటకు నాకు సిగ్గాయెను. ఆ దినము మొదలుకొని లెక్క పుస్తకమును ప్రార్థన పుస్తకము ప్రక్కనే పెట్టుకొనుచున్నాను.

దండులో కష్టములు లేవనుకొనవద్దు. వచ్చినవారిలో చాలమంది నడిచి వచ్చుటకే బలము లేనివారు. కలరా సోకినది. ఎందరో అచ్చటనే మరణించిరి. ఒక గుంపువారు కొంతకాలము పని చేసి నాలుగు డబ్బులతో ఇంటికి పోగా ఇంకొక ఊరివారు వచ్చిరి. మధ్యాహ్నమున పని ఆపి కూర్చుండినప్పుడు బోధకులు తమ గుంపువారితో మాటలాడిరి, ఓదార్చిరి, ప్రభువును గూర్చి చెప్పిరి. ఇట్లు ఒంగోలు చుట్టునున్న ఎన్నో గ్రామములవారు, మేస్త్రీయైన బోధకుడు తమను ఎట్లు చూచెనో కన్నులార చూచి ఊళ్ళకు పోయిరి.

సహోదరులారా, అసలైన పరీక్ష ఇక్కడ వచ్చినది. ఒక్క మనుష్యుని చేతిలో కూలియు ఉన్నది, బాప్తిస్మమును ఉన్నది. ఆకలిగొన్న వేలమంది ఎదుట నున్నారు. మేము క్రైస్తవులమగుదుమని అడుగువారు దినదినము పెరిగిరి. ఫలము లేదని మూసివేయబోయిన మిషనుకు ఇంతకంటె గొప్ప నివేదిక ఏది? క్లౌ గారు ఏమి చేసిరి? బాప్తిస్మములను నిలిపివేసిరి. 1877 మార్చి మొదలుకొని సుమారు పదునైదు నెలలు, కూలి గాని కరవు సహాయము గాని తన చేతి నుండి పోవుచున్నంత కాలము, ఎవరికిని ఇయ్యలేదు. అన్నము కొరకు దేవుని యొద్దకు వచ్చిరన్న మాట వారికి రాకూడదు, అన్నము చూపి దేవుని అమ్మితినన్న మాట తనకు రాకూడదు. లెక్కలు చూపి పై వారిని మెప్పింపగల సమయమున లెక్కను సున్న దగ్గర నిలుపుటకు ఎంత ధైర్యము కావలెనో, నెల నెల రిపోర్టు పంపు మనబోటివారికి తెలియును.

మన మేస్త్రీల సంగతి ఇందుకు దగ్గరగానే ఉన్నది. అడ్వాన్సు ఇచ్చినవాడు కూలీకి ఋణదాత. పని చూపినవాడు యజమాని. ఊరికి పోయిన తరువాత వాడే పెద్ద, వాడే ఓటు అడుగువాడు, ఒక్కొక్కచోట వాడే సంఘపు పెద్ద కూడ. ఇన్ని త్రాళ్ళు ఒక్క చేతిలో ఉన్నప్పుడు కూలీ తల ఊపినంత మాత్రమున అది ఒప్పుదల యగునా? క్లౌ గారు తన చేతిలోని రెండు త్రాళ్ళలో ఒకదానిని తానే వదలిరి.

1878లో కరవు తగ్గి సహాయపు డబ్బు పంచుట ముగిసినది. అయినను జనులు మానలేదు. జూన్ మాసమున గుంపులు గుంపులుగా బయలుదేరి వచ్చిరి. ఇక ఇచ్చుటకు ధనము లేదని చెప్పినను తమకు ధనము అక్కరలేదనిరి. అప్పుడు ఆయన ఇక ఆపుట తన పని కాదని తలంచెను. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ నది ఒడ్డున వేలుంపిల్లి యొద్ద ఒక్కొక్క గ్రామము వారిని ఆ గ్రామపు బోధకుడు ఎరిగి సాక్ష్యమిచ్చిన తరువాతనే చేర్చుకొనిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. అన్ని వేలమందికి క్లౌ గారే ఇచ్చిరని కొందరు తలంతురు. కాదు. నీళ్ళలో నిలిచినవారు అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నిలిచి ఇచ్చుచు, అలసినప్పుడు మరి ఇద్దరు దిగిరి. క్లౌ గారు ఒడ్డున ఉండి ఏర్పాటు చూచుకొనిరి. ఆ సంవత్సరాంతమునకు చేరినవారు తొమ్మిది వేలకు పైబడిరి.

అంతట విమర్శ రాకపోలేదు. కరవు చూపి చేర్చుకొనిరని ఆ కాలమున అనిరి, నేటికిని అనుచున్నారు. హృదయములను ఎరుగువాడు దేవుడొక్కడే. నేను అనునదేమనగా, అట్టి నింద రాగలదని ముందుగా ఎరిగి, దానికి చోటియ్యకుండ పదునైదు నెలలు వేచినవాడు మోసగాడు కాడు. మరియొక విమర్శ మాత్రము నాకు బలముగా కనబడును. చేరినవారు వేలు, నేర్పువారు కొద్దిమంది. చదువురాని పల్లెలకు బోధకుడు నెలల తరబడి పోలేకపోయెను. కొన్నేండ్లలోనే ఒంగోలు సంఘపు సభ్యులు ఇరువది వేలకు మించిరి. లోకములోని బాప్టిస్టు సంఘములన్నిటిలో అదే పెద్దదని పేరు వచ్చెను. పేరు మంచిదే. కాని ఇరువది వేల గొర్రెలకు ఒక్క కాపరి యనిన అది మంద కాదు, లెక్క మాత్రమే. సామెతలు 27వ అధ్యాయము చివర మందల స్థితిని జాగ్రత్తగా తెలిసికొనుమని సొలొమోను చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను.

ఇది క్లౌ గారికి తెలియక కాదు. 1883 ప్రాంతమున ఆ పెద్ద పొలమును విభజించి కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్థానములుగా ఏర్పరచి ఇతరుల కప్పగించిరి. తన చెమటతో పెరిగినదానిని కోసి ఇతరుల చేతిలో పెట్టుట ఏ యజమానికిని సులభము కాదు. మన జిల్లాలో రెండెకరముల పొలమును కొడుకులకు పంచవలసివచ్చినప్పుడే తండ్రికి నిద్ర పట్టదు. అటుపిమ్మట అమెరికాకు పోయి, పల్లె పల్లెకు బడులు, బోధకులు కావలెనని చెప్పి, ధనమును క్రొత్త పనివారిని పోగుచేసికొని మరల వచ్చిరి.

మొదటి భార్య మరణించిన తరువాత 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఆమె మాదిగ సహోదరుల యిండ్లలో తిరిగి, తొలి బోధకుల జీవితములను వారి నోటనే విని, 1899లో ఇంగ్లీషున పుస్తకముగా ప్రకటించెను. కాలువ గట్టున మేస్త్రీలై నిలిచినవారు ఎట్టివారో లోకమునకు తెలిసినది కొంత ఆమె వలననే. లేనియెడల దొర పేరు మాత్రమే నిలిచి, ఆయన క్రింద పని చూచినవారి పేర్లు మట్టిలోనే పోయియుండును. మట్టి మోసిన వేలమంది పేర్లు అట్లే పోయినవి గదా.

క్లౌ గారు సుమారు నలువది సంవత్సరములు తెలుగువారి నడుమ పనిచేసి, వృద్ధాప్యమున స్వదేశము చేరి, 1910 నవంబరు 24వ తేదీన రాచెస్టరు పట్టణమున ప్రభువునందు నిద్రించిరి. ఆయన చెప్పగా భార్య వ్రాసిన ఆయన జీవిత చరిత్ర నాలుగేండ్ల తరువాత 1914లో అచ్చయినది. ఒంగోలులోని మిషను ఆసుపత్రికి ఆయన పేరు పెట్టిరి. కాలువ మీద ఉప్పు, కట్టెలు, ధాన్యము నింపిన పడవలు మరి అనేక సంవత్సరములు నడచినవి. రైలు, రోడ్డు వచ్చిన పిమ్మట పడవలు తగ్గి, చాలచోట్ల పూడిపోయినది. సముద్రతీరపు ఊళ్ళకు పనికి పోవు మన సహోదరులు ఆ గట్టు మీదుగా నడిచియే యుందురు.